పురాణాలు, జానపద విజ్ఞానం ఆన్‌లైన్ కోర్సులో వెనకబడకుండా చదవడం ఎలా?

పురాణాలు, జానపద విజ్ఞానం మీద ఆన్‌లైన్‌లో నడిచే కళాశాల కోర్సులో చేరినవారిలో చాలామంది మొదటి రెండు వారాలు హుషారుగానే ఉంటారు. కథల చదువే కదా, చిన్నప్పటి నుంచి విన్నవే కదా అన్న ధీమా వారిని నడిపిస్తుంది. మూడో వారంలో గ్రీకు దేవతల వంశవృక్షం, నాలుగో వారంలో ఒక రష్యన్ పండితుడి సిద్ధాంతం, ఐదో వారంలో కథల వర్గీకరణ సంఖ్యలు వచ్చి పడేసరికి ఆ ధీమా సడలిపోతుంది. ఆదివారం నాడు ఒక్కసారే కూర్చుని చూసేద్దామని పక్కన పెట్టిన వీడియోలు పది దాటుతాయి. నేను దేవరకొండ దగ్గరి మా ఊళ్ళో ఉండి ఇలాంటి కోర్సు ఒకదాన్ని సగంలో వదిలేసి, మరుసటి ఏడాది మళ్ళీ చేరి పూర్తిచేశాను. ఈ రెండింటి మధ్య నాకు తీరికా పెరగలేదు, ఇంట్లో నెట్ వేగమూ పెరగలేదు. మారినది ఒక్క అలవాటు. ఆ వారం పాఠంలో ఏ సిద్ధాంతం చెప్పినా, దాని పక్కన మా వైపు వినిపించే కథ ఒకదాన్ని పెట్టుకుని, ఆ సిద్ధాంతం ఈ కథకు అతుకుతుందా లేదా అని అదే వారంలో ఒక పేజీ రాసుకోవడం మొదలుపెట్టాను. నల్లగొండ, పాలమూరు జిల్లాలలో చదువుకునేవారికి ఈ పద్ధతి మరింత సులువు, ఎందుకంటే ఈ కోర్సుకు కావలసిన ఉదాహరణలు మనకు గట్టుకొకటి, చెరువుకొకటి చొప్పున దొరుకుతాయి.

చేరిన రోజున

ముందుగా లెక్కల సంగతి ముగించుకోవాలి. కేంద్ర ప్రభుత్వం నడిపే ఆన్‌లైన్ చదువుల వేదిక స్వయంలో కోర్సులు జనవరిలో ఒక విడత, జులైలో ఒక విడత మొదలవుతాయి. ప్రతి కోర్సులోనూ వీడియో పాఠం, చదువుకునే పాఠ్యం, సొంతంగా పరీక్షించుకునే ప్రశ్నలు, సందేహాల చర్చ అని నాలుగు భాగాలుంటాయి. యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) 2021లో తెచ్చిన నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్‌లోని కోర్సులలో 40 శాతం దాకా ఈ వేదిక మీద చదివి, ఆ క్రెడిట్లను డిగ్రీలో కలుపుకొనే వీలుంది. మీ కళాశాల ఆ కోర్సును ఒప్పుకొంటుందో లేదో మాత్రం చేరకముందే విభాగాధిపతిని అడిగి, వీలైతే కాగితం మీద తీసుకోవాలి. చేరడానికి రుసుము లేదు గానీ చివరి పరీక్షకు విడిగా నమోదు చేసుకుని రుసుము కట్టాలి. ఆ రెండూ ఒకటేననుకుని పరీక్ష గడువు దాటబెట్టుకున్నవారు ప్రతి విడతలోనూ ఉంటారు. నా మొదటి ఏడాది కథ సగం అదే.

విదేశీ విశ్వవిద్యాలయం కోర్సు అయితే గడియారం చూసుకోవాలి. అమెరికా తూర్పు తీరంలో రాత్రి 11:59 గడువు అంటే మనకు వేసవిలో మరునాటి ఉదయం 9:29, చలికాలంలో 10:29. గడువులన్నిటినీ మన సమయంలోకి మార్చి, గోడ మీది క్యాలెండర్‌లో తిథి పక్కనే రాసుకుంటే మరిచిపోవడం ఉండదు. సాయంత్రం ఏడు దాటితే డాబా ఎక్కితే తప్ప సిగ్నల్ అందని ఊళ్ళు మనవైపు ఇంకా ఉన్నాయి కనుక, వారానికి సరిపడా పాఠాలను తెల్లవారుజామున డౌన్‌లోడ్ చేసిపెట్టుకోవడం మంచిది.

పేర్ల పుస్తకం

ఈ కోర్సులో వెనకబడటానికి అసలు కారణం వీడియోలు చూడకపోవడం కన్నా పేర్లు కలగాపులగం కావడమేనని నా అభిప్రాయం. గ్రీకు కవి జ్యూస్ అంటాడు, రోమన్ కవి జుపిటర్ అంటాడు; హేరా అక్కడ జూనో అవుతుంది, హెర్మెస్ మెర్క్యురీ అవుతాడు. అధ్యాపకుడు ఒకే పాఠంలో రెండు రకాలుగానూ పలుకుతాడు, మనం ఇద్దరు దేవుళ్ళనుకుని రాసుకుంటాం. దానికి తోడు వీడియో కింద తనంతట తానుగా పడే అక్షరాలు మన పేర్లను గుర్తుపట్టలేనంతగా విరిచేస్తాయి. అందుకని ఒక సన్నని నోట్‌బుక్‌ను పేర్లకే కేటాయించి, పేరును తెలుగు లిపిలో రాసి, దాని పక్కన ఎవరి సంతానం, చేసిన ఒకే ఒక్క ముఖ్యమైన పని, ఇతర పేర్లు అని మూడు అరలు గీసుకోవాలి. దీర్ఘాలు, ఒత్తులు మన లిపిలో స్పష్టంగా పడతాయి కనుక ఇంగ్లిషు అక్షరాలలో రాసుకున్నదాని కన్నా తెలుగులో రాసుకున్న పేరు నోట ఎక్కువ కాలం నిలుస్తుంది.

పురాణాల వారం వచ్చినప్పుడు పద్దెనిమిది పేర్లను బట్టీ పట్టనవసరం లేదు. పెద్దలు ఎప్పుడో కట్టిపెట్టిన శ్లోకం ఉంది: "మద్వయం భద్వయం చైవ బ్రత్రయం వచతుష్టయం, అనాపలింగకూస్కాని". మకారంతో రెండు, మత్స్యం, మార్కండేయం. భకారంతో రెండు, భాగవతం, భవిష్యం. బ్ర అన్న అక్షరంతో మూడు, బ్రహ్మం, బ్రహ్మాండం, బ్రహ్మవైవర్తం. వకారంతో నాలుగు, విష్ణు, వాయు, వరాహ, వామన పురాణాలు. మిగిలిన ఏడు అగ్ని, నారద, పద్మ, లింగ, గరుడ, కూర్మ, స్కాంద పురాణాలు. ఒకసారి వేళ్ళ మీద లెక్కపెట్టి చూస్తే పద్దెనిమిదీ సరిపోతాయి. పురాణానికి ఐదు లక్షణాలు చెబుతారు: సర్గం (సృష్టి), ప్రతిసర్గం (ప్రళయం తరువాత మళ్ళీ సృష్టి), వంశం (దేవతల, ఋషుల వంశాలు), మన్వంతరం (మనువుల కాలాలు), వంశానుచరితం (రాజవంశాల చరిత్ర). ఇవి కూడా పేర్ల పుస్తకంలోకే వెళ్ళాలి.

ఇక్కడ ఒక మాట దగ్గర జాగ్రత్త పడాలి. కోర్సులో మిథ్ అన్న మాట వచ్చినప్పుడల్లా దాన్ని పురాణం అని తెలుగు చేసుకుంటే పైన చెప్పిన ఐదు లక్షణాల గ్రంథానికీ, సృష్టిని గురించీ దేవతలను గురించీ ఒక సమాజం నమ్మి చెప్పుకునే పవిత్రగాథకూ తేడా చెరిగిపోతుంది. మిథ్‌ను పురాగాథ అని రాసుకుంటే చిక్కు తీరుతుంది. మన ఊళ్ళలో పురాణం అన్న మాటకు మూడో అర్థం కూడా ఉంది. జాంబపురాణం, మడేలు పురాణం వంటి కులపురాణాలు, అంటే ఒక కులం పుట్టుకను చెప్పే కథలు, ఆ పద్దెనిమిదిలో ఏదీ కావు. అయినా భూమి పుట్టకముందే జాంబవంతుడు పుట్టాడని చెప్పే జాంబపురాణం, పాఠ్యపుస్తకంలో పురాగాథకు ఇచ్చిన నిర్వచనానికి అనేక గ్రంథస్థ కథల కన్నా దగ్గరగా ఉంటుంది. ఈ మూడు అర్థాలనూ మొదటి నెలలోనే విడదీసుకున్నవారు తరువాతి పాఠాలలో తడబడరు.

వారానికొక కథ

అమెరికన్ మానవశాస్త్రవేత్త విలియం బాస్కమ్ 1965లో జానపద వచన కథనాలను మూడుగా విభజించాడు. దాదాపు ప్రతి కోర్సూ ఇక్కడి నుంచే మొదలవుతుంది. నిజమని నమ్మేది, పవిత్రమైనది, అనాది కాలంలో జరిగినది పురాగాథ. నిజమని నమ్మేదే అయినా మన లోకంలో, మనకు దగ్గరి కాలంలో జరిగినట్టు చెప్పుకునేది ఐతిహ్యం. కల్పితమని చెప్పేవారికీ వినేవారికీ తెలిసినది జానపద కథ. ఈ మూడు వాక్యాలను ఇంగ్లిషులో పదిసార్లు చదివినా నాకు నిలవలేదు. పక్కన మూడు పేర్లు రాసుకున్నాక మరిచిపోలేదు.

నార్కట్‌పల్లి దగ్గరి చెరువుగట్టు మీద జడల రామలింగేశ్వరుని గురించి, క్షత్రియ సంహారం తరువాత పరశురాముడు నూటెనిమిది లింగాలను ప్రతిష్ఠించాడనీ వాటిలో చివరిది ఇదేననీ చెబుతారు. అది పురాగాథ. పాలమూరు వైపు కిన్నెర అనే తీగవాద్యం మీద పాడే పండుగ సాయన్న కథలో ఉన్నవారిని దోచి లేనివారికి పంచిన మనిషి కనబడతాడు, అది ఐతిహ్యం. ఆ కథను పన్నెండు మెట్ల కిన్నెర మీద పాడి పేరుపొందిన నాగర్‌కర్నూల్ జిల్లా కళాకారుడు దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. ఇక అందరికీ తెలిసిన ఏడు చేపల కథ నిజమని ఎవరూ అనరు. అది జానపద కథ.

ఇంతవరకూ సాఫీగానే ఉంది. సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లి పెద్దగట్టు మీది లింగమంతుల స్వామి కథను తీసుకున్నప్పుడు నేను ఆగిపోయాను. యాదవులకు అది దేవుని కథ, దేవుని విగ్రహాలుండే దేవరపెట్టె ముందు రాత్రంతా పాడే కథ. కానీ అదే కథను మా ఇంట్లో ఎండాకాలం పిల్లలను నిద్రపుచ్చడానికి చెబుతారు. దీన్ని ఏ అరలో వేయాలో తేలక, గొల్లసుద్దులు చెప్పే ఒక పెద్దాయనను కలిసినప్పుడు "ఇది నిజంగ జరిగిందా తాతా, ఉత్త కథనా?" అని అడిగాను. ఆయన గొంగడి సర్దుకుని, నా వైపు జాలిగా చూసి, "గట్టు మీద అడిగితె నిజం బిడ్డా, మీ అరుగు మీద అడిగితె ముచ్చట. ఏడ గూసోని ఇంటున్నవో సూస్కోవాలె గద!" అన్నారు.

ఒక కథనం ఒక సమాజంలో పురాగాథగానూ మరొక సమాజంలో కథగానూ ఉండవచ్చునని బాస్కమ్ కూడా రాశాడు. ఆ వాక్యాన్ని నేను పాఠ్యంలో దాటుకుంటూ వెళ్ళిపోయాను. అరుగు మీది మాట విన్నాక వెనక్కి వెళ్ళి దాని కింద గీత గీశాను. ఆ వారం అసైన్‌మెంట్‌కు వేరే ఉదాహరణ వెతకవలసిన పని పడలేదు.

ప్రాప్ వారాన్ని దాటడం

ఎక్కువమంది కోర్సు వదిలేసేది రష్యన్ పండితుడు వ్లదీమిర్ ప్రాప్ దగ్గర. ఆయన 1928లో, అఫనాస్యెవ్ సేకరించిన రష్యన్ అద్భుత కథలు వందింటిని పరిశీలించి, పాత్రలు ఎవరైనా వాటి పనులు మాత్రం 31కి మించవనీ, అవి ఒకే వరుసలో వస్తాయనీ చూపాడు. ఆ పనులను తెలుగు పరిశోధకులు ప్రకార్యాలు అంటారు. వాటిని చేసే పాత్రల వలయాలు, అంటే నాయకుడు, ప్రతినాయకుడు వంటి రకాలు, ఏడు. ముప్పయ్యొక్క పేర్ల పట్టికను తెర మీద చూడగానే గుండె జారుతుంది. పట్టికను బట్టీ పట్టకుండా, బుర్రకథగానో నాటకంగానో మనకు తెలిసిన బాలనాగమ్మ కథను నోట్‌బుక్‌లో ఎడమ వైపు పది వాక్యాలలో రాసి, కుడి వైపు ప్రకార్యాలను నింపుకుంటూ పోవాలి.

భర్త కార్యవర్ధి రాజు యుద్ధానికి వెళ్ళాడు: ఇంటి మనిషి ఇల్లు విడవడం. గీత దాటవద్దని బాలనాగమ్మకు చెప్పారు: నిషేధం. బిచ్చం వేయడానికి ఆమె గీత దాటింది: ఉల్లంఘన. మాయల ఫకీరు బిచ్చగాడి వేషంలో వచ్చాడు: ప్రతినాయకుడి మోసం. ఆమెను ఎత్తుకుపోయాడు: హాని. కొడుకు బాలవర్ధి పెరిగి పెద్దవాడై తల్లిని వెతుకుతూ బయలుదేరాడు: నాయకుడి ప్రయాణం. పూలు కట్టే తంబళ్ళపెద్ది అతన్ని మనవడిగా ఇంట్లో దాచింది: సహాయం చేసే పాత్ర. ఏడు సముద్రాల అవతల చిలుకలో ఫకీరు ప్రాణం ఉందని తెలుసుకుని ఆ చిలుకను పట్టాడు: గెలుపు. ఇలా నింపుతూ పోతే ముప్పయ్యొక్కటిలో సగానికి పైగా తమంతట తామే కుదురుతాయి, మిగిలినవి ఈ కథలో లేవని తెలుస్తుంది. అన్ని ప్రకార్యాలూ ప్రతి కథలో ఉండాలని ప్రాప్ అనలేదు, ఉన్నవి వరుస తప్పకూడదన్నాడు. ఫకీరు ప్రాణం చిలుకలో ఉండటం అన్నది అమెరికన్ జానపద పండితుడు స్టిత్ థామ్సన్ సూచికలో ఇ 710 అనే మోటిఫ్, అంటే కథల్లో పదేపదే కనబడే చిన్న అంశం; దాని పేరు ఒంటికి బయట దాచిన ప్రాణం. అదే సంగతి నడిచే కథల రకానికి ఆర్నె, థామ్సన్‌ల వర్గీకరణలో సంఖ్య 302. ఫిన్లాండ్ పండితుడు ఆంటీ ఆర్నె 1910లో మొదలుపెట్టిన ఆ పట్టికను థామ్సన్ 1928లోనూ 1961లోనూ పెంచాడు, హాన్స్‌యోర్గ్ ఊథర్ 2004లో సవరించాడు. బాలనాగమ్మ ఒక్కతే ఇలా మూడు వారాల పాఠాన్ని మోసింది.

నేను మొదటిసారి చేసిన పొరపాటు కూడా చెప్పాలి. అందరికీ తెలిసిన కథ కదా అని ఏడు చేపల కథకు ప్రాప్ పట్టికను తగిలించబోయాను. రాజుగారి కొడుకులు వేటకు వెళ్ళారు కనుక ఇల్లు విడవడం, చేప ఎండలేదు కనుక కొరత అని రెండు గళ్ళు నింపాక ముందుకు కదలలేదు. చేప గడ్డిమోపు మీద, గడ్డిమోపు ఆవు మీద, ఆవు పాలేరు మీద, పాలేరు అవ్వ మీద, అవ్వ పిల్లవాడి మీద, పిల్లవాడు చీమ మీద నెపం వేసుకుంటూ పోయే గొలుసులో నాయకుడెవరు? ఎవరూ లేరు. అది సూత్రకథ, ఆర్నె, థామ్సన్‌ల వర్గీకరణలో 2000 నుంచి 2399 వరకు ఉన్న సంఖ్యలను అటువంటి కథలకే కేటాయించారు. ప్రాప్ చెప్పింది 300 నుంచి 749 వరకు ఉన్న అద్భుత కథల గురించి మాత్రమే. ఆ అసైన్‌మెంట్‌కు మార్కులు పోయాయి గానీ, ఏ కథకు ఏ పనిముట్టు వాడాలో ముందు చూసుకోవాలన్న సంగతి అప్పుడు తలకెక్కింది. పరీక్షలో దాదాపు అదే ప్రశ్న వచ్చింది.

పోలికల వారం

ప్రళయ గాథల పాఠం ప్రతి కోర్సులోనూ ఉంటుంది. ప్రాచీన మెసొపొటేమియా (నేటి ఇరాక్ ప్రాంతం) వారి గిల్గమేశ్ కావ్యంలోని పదకొండో మట్టిపలకలో ఉన్న జలప్రళయాన్ని 1872లో జార్జ్ స్మిత్ చదివి బయటపెట్టాడు. దాని పక్కన శతపథ బ్రాహ్మణంలోని మనువు, చేప కథను, గ్రీకుల డ్యుకాలియన్, పిర్రా కథను పెట్టి పోల్చమంటారు. మూడింటికీ కలిపి థామ్సన్ సూచికలోని ప్రళయం సంఖ్య ఏ 1010 రాసి, "అన్ని నాగరికతల్లోనూ ప్రళయం ఉంది" అని ముగించేవారే ఎక్కువ. తేడాలను పట్టుకున్నవారికి మంచి మార్కులు పడతాయి. రోమన్ కవి ఓవిడ్ చెప్పిన రూపంలో ప్రళయం మనుషుల దుర్మార్గానికి శిక్ష. మనువుకు చేప వరద వస్తుందని చెబుతుందే తప్ప ఎవరి పాపమూ ఎత్తదు. డ్యుకాలియన్ దంపతులు వెనక్కి విసిరిన రాళ్ళు మనుషులవుతాయి, మనువు ఒంటరిగా మిగిలి యజ్ఞం చేస్తాడు. కారణం, హెచ్చరిక, పడవ, ఆగిన చోటు, మళ్ళీ సృష్టి అని ఐదు గళ్ళు గీసుకుంటే ఒక గంటలో పని అయిపోతుంది.

ఈ పాఠం దగ్గర మనవైపు విద్యార్థులకు ఒక ఆశ పుడుతుంది. శ్రీశైలం జలాశయంలో ఊళ్ళు మునిగాయి, కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురానికి తరలించారు. ముంపు ఊళ్ళ వారు చెప్పే ముచ్చట్లు వింటే మనసు కదులుతుంది. నీళ్ళున్నాయి కదా అని వాటిని ప్రళయ గాథల గడిలో వేయకూడదు. అవి మనకు దగ్గరి కాలపు ఐతిహ్యాలు, స్మృతులు. వాటికి వేరే వారం వస్తుంది, అంతవరకూ దాచుకోవాలి.

జాతరలను బట్టి క్షేత్రపని

కోర్సులో చిన్న ప్రాజెక్టు ఉంటే, దాన్ని చివరి వారానికి వదిలేయడం కన్నా పెద్ద పొరపాటు లేదు. పాట పాడేవారు మన గడువు కోసం పాడరు, పండుగ వచ్చినప్పుడే పాడతారు. జులై విడతలో చేరినవారికి ఆషాఢంలో బోనాలు, పెత్తరమాస నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజుల బతుకమ్మ, కార్తీకంలో కురుమూర్తి జాతర వరుసగా దొరుకుతాయి. కురుమూర్తి ఉద్దాల ఉత్సవంలో స్వామి పాదుకలను వడ్డెమాన్‌లో తయారుచేసి ఊరేగింపుగా తీసుకువస్తారు. ఒక దేవుని ఉత్సవంలో ఏ పని ఎవరి హక్కు అన్నది రాయడానికి అంతకన్నా మంచి సందర్భం దొరకదు. జనవరి విడత వారికి మాఘంలో చెరువుగట్టు ఉత్సవాలు, చైత్ర పౌర్ణమికి నల్లమలలోని సలేశ్వరం జాతర ఉన్నాయి. సలేశ్వరానికి అడవిలోకి కొద్ది రోజులే అనుమతిస్తారు కనుక తేదీలు ముందుగా కనుక్కోవాలి. పెద్దగట్టు జాతర రెండేళ్ళకొకసారి మాఘంలో వస్తుంది. 2023లోనూ 2025లోనూ జరిగింది. సిలబస్ చేతికి రాగానే పంచాంగం పక్కన పెట్టుకుని ఒక్క జాతరను ఎంచుకుంటే చాలు. రెండు ఎంచుకున్నవారు రెండింటినీ సగమే రాస్తారు.

కులపురాణాల మీద రాయదలిస్తే మర్యాద తెలిసి వెళ్ళాలి. మాదిగలకు డక్కలివారు, పద్మశాలీలకు కూనపులివారు, విశ్వబ్రాహ్మణులకు రుంజవారు, గొల్లలకు మందహెచ్చులవారు, ముదిరాజులకు కాకిపడగలవారు కథ చెబుతారు. ఏ కుటుంబం ఏ ఊళ్ళో చెప్పాలో మిరాశీ హక్కుగా, అంటే వంశపారంపర్యంగా, వస్తుంది. అంటే మనం రోడ్డు మీద ఆపి "ఒక పది నిమిషాలు చెప్పండి" అని అడిగేది కాదు. ముందుగా కలిసి, ఏ చదువు కోసమో చెప్పి, రికార్డు చేయవచ్చా, పేరు రాయవచ్చా అని విడివిడిగా అడగాలి. చెప్పినందుకు సంభావన ఇవ్వాలి. చదువుకునే పిల్లలం కదా అని ఉత్త చేతులతో వెళ్ళడం నాకు నచ్చదు, ఒక పూట కూలి వదులుకుని మన ముందు కూర్చున్నారన్నది మరవకూడదు.

రికార్డింగ్ మొదలుపెట్టగానే తేదీ, ఊరు, సందర్భం, చెప్పేవారు అనుమతిస్తే వారి పేరు మన నోటితోనే చెప్పి ఆ తరువాత కథలోకి వెళ్ళాలి. ఫోన్‌లో చోటు ఎంత ఉందో ముందు చూసుకోవాలి. సద్దుల బతుకమ్మ నాడు మా వాడకట్టులో నలభై నిమిషాలు పాడిన పాటను రికార్డు చేస్తున్నాననుకుని చేయి నొప్పి పుట్టేదాకా ఫోన్ పట్టుకుని నిలబడితే, ఆరు నిమిషాల దగ్గరే మెమరీ నిండి ఆగిపోయి ఉంది. మరునాడు అడిగితే పెద్దమ్మలు నవ్వి, "బతుకమ్మను చెర్ల ఏసినంక పాట ఏడిది బిడ్డా?" అన్నారు. ఏడాది ఆగవలసి వచ్చింది.

రికార్డు చేసినదాన్ని విని కాగితం మీదికి ఎత్తి రాసేటప్పుడు మాట దిద్దకూడదు. కథకుడు "పోయిండు" అంటే "వెళ్ళాడు" అని, "గప్పుడు" అంటే "అప్పుడు" అని రాస్తే అది మన రచన అవుతుంది, వారి కథ కాదు. గంట రికార్డును ఎత్తి రాయడానికి రెండు మూడు సాయంత్రాలు పడతాయి కాబట్టి, విన్న రాత్రే ఏ నిమిషంలో ఏముందో ఒక చీటీ రాసుకుని, ప్రాజెక్టుకు కావలసిన భాగాన్నే పూర్తిగా ఎత్తుకోవడం తెలివైన పని. తెలుగులో ఈ చదువుకు దారి వేసినవారి రచనలను కూడా ఒకసారి తిరగేయాలి. ఉస్మానియాలో తెలుగు జానపద గేయ సాహిత్యం మీద పరిశోధన చేసి 1956లో డాక్టరేట్ పొందిన బిరుదురాజు రామరాజు, పాలమూరు బిడ్డ, ఆంధ్రుల సాంఘిక చరిత్ర అనే పుస్తకానికి 1955లో కేంద్ర సాహిత్య అకాదెమీ పురస్కారం పొందిన సురవరం ప్రతాపరెడ్డి పుస్తకాలు గ్రంథాలయాలలో అడిగి తీసుకుని చదవవలసినవి. సామెతలు, ఆటలు, వేడుకలు చరిత్రకు ఆధారాలవుతాయని సురవరం ఎలా చూపారో చదివితే, విదేశీ సిద్ధాంతకర్తల పేర్లు మాత్రమే నింపిన జవాబు ఎంత బోలుగా ఉంటుందో తెలుస్తుంది.

ఇప్పటికే వెనకబడితే

మొదటి వీడియో నుంచి మళ్ళీ మొదలుపెట్టకూడదు. నా మొదటి ఏడాది మునిగింది అక్కడే; పాతవి చూస్తుండగా కొత్తవి పాతవయ్యాయి. ముందు ఈ వారం అసైన్‌మెంట్ పంపాలి, ఎంత తక్కువ తెలిసినా సరే. అసైన్‌మెంట్లకు మొత్తం మార్కులలో దాదాపు పాతిక, ముప్పై శాతం ఉంటాయి, కొన్ని కోర్సులలో అన్నిటినీ కాక మేలైనవాటినే లెక్కిస్తారు కనుక పోయిన వాటి కోసం ఏడవనవసరం లేదు. తరువాత తప్పిపోయిన వారాలకు వీడియోలు చూడకుండా పాఠ్యాన్ని మాత్రమే చదివి, వారానికొక పేజీ రాసి, దాని పక్కన ఒక ఊరి కథను పెట్టాలి. అర్థం కాని చోట మాత్రమే వీడియో తెరిచి, ఒకటింపావు వేగంతో చూడాలి. రోజుకొక వారం చొప్పున పోతే ఐదు రోజుల్లో ఐదు వారాలు అందుతాయి.

పరీక్షను కేటాయించిన కేంద్రానికి వెళ్ళి రాయాలి. కేంద్రం హైదరాబాదులో పడితే నాగర్‌కర్నూల్, అచ్చంపేట, దేవరకొండ వైపు వారు తెల్లవారు బస్సును నమ్ముకోకుండా ముందు రోజే చేరుకోవడం మేలు. హాల్‌టికెట్ కాగితం మీద అచ్చువేసుకుని, గుర్తింపు కార్డు దానికి తోడు పెట్టుకోవాలి.

ఆఖరి వారం పునశ్చరణకు నేను పుస్తకం ముట్టుకోలేదు. రోజూ రాత్రి భోజనాలయ్యాక మా నాయనమ్మకు ఒక కథ చెప్పేవాణ్ణి, ఎక్కడ తడబడితే ఆ పేజీని మరునాడు చదివేవాణ్ణి. గిల్గమేశ్ ప్రళయం చెప్పిన రోజున ఆమె అంతా విని, "అన్నిట్ని పడవెక్కిచ్చిండంటివి, మరి చీమల్ని ఎక్కిచ్చిండా?" అని అడిగింది. నేను జవాబు చెప్పలేక వెళ్ళి చూశాను. సమస్త జీవుల విత్తనాన్నీ ఎక్కించినట్టు పదకొండో పలకలో ఉంది. చీమల మాట విడిగా లేదు.